యంత్ర శబ్దం

ఆ ఇంటి నుంచి ఫిర్యాదు రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ వేరేవాళ్ళు చూసి, "కనెక్షన్ బాగానే ఉంది, లోపం లేదు" అని రాసి మూసేశారు. మూడోసారి అది విశాఖపట్నం ఆఫీసులో కృపావతి వంతుకు వచ్చింది.

రూళ్ళ కాగితం మీద నీలం సిరాతో రాసి, ఫోనుతో ఫొటో తీసి పంపారు. "అయ్యా, నా భార్య కోరాడ పైడితల్లికి మీ కర్ణిక యంత్రము ఉన్నది. అందరి మాటా వినబడుచున్నది. నా మాట ఒక్కటి వినబడుట లేదు. ఎనిమిది నెలలు అయినది. దయచేసి చూడగలరు. ఇట్లు, కోరాడ సన్యాసిరావు, రిటైర్డ్ బస్సు కండక్టరు, విజయనగరం."

చెవి నరం పూర్తిగా చచ్చిపోయినవాళ్ళ కోసం వచ్చింది కర్ణిక. చెవి వెనక చొక్కా గుండీ అంత ముక్క ఒకటి ఉంటుంది. అది చుట్టూ ఉన్న చప్పుళ్ళన్నీ పట్టి, ఇంట్లోని చిన్న తెల్ల పెట్టె ద్వారా ఎక్కడో ఉన్న క్లౌడుకు పంపుతుంది. అక్కడ వాటిని వడబోసి, మెదడుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చి వెనక్కి పంపుతారు. రెప్పపాటులో అంతా అయిపోతుంది. కనెక్షన్ తెగితే మాత్రం ఆ మనిషికి లోకం మూగపోతుంది. అలా తెగినవాళ్ళను మళ్ళీ కలపడమే పదకొండేళ్ళుగా కృపావతి పని.

ఆమెకు నలభై ఏళ్ళు. మధురవాడలో ఒంటి గది. రోజుకు ముప్పైమందితో మాట్లాడేది. అందరితోనూ ఒకటే మాట: "ఇప్పుడు వినబడుతోందా అండీ?" వినబడుతోందనగానే వాళ్ళు ఫోను పెట్టేసేవారు. సాయంత్రం గదికి చేరాక మళ్ళీ పొద్దున ఆఫీసుకు వచ్చేదాకా ఆమెకు నోరు విప్పే పని ఉండేది కాదు.

ఆమె విజయనగరానికి వీడియో కాల్ చేసింది. యాభై ఏడేళ్ళ పైడితల్లి తెర మీదికి వచ్చింది. ఆరేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి ఆమె రెండు చెవులూ పోయాయి.

"నాకన్నీ బాగానే వినబడతన్నాయమ్మా. పాలోడి కేక వినబడతంది, టీవీ వినబడతంది, ఇప్పుడు నువ్వూ వినబడతన్నావు. మా ఆయనే నాతో మాటాడ్డం మానేసేడు."

ఆమె వెనక బక్కపలచటి మనిషి నిలబడి ఉన్నాడు. గొంతులో కేన్సరు వస్తే ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి టార్చిలైటంత పరికరం మెడకు ఆనించి మాట్లాడుతున్నాడు. ఆ పరికరం ఝుమ్మని మోగుతుంటే, ఆ మోతనే పెదాలతో మాటగా మలుస్తాడు. ముప్పై ఏళ్ళు బస్సులో ఊళ్ళ పేర్లు కేకేసి చెప్పిన గొంతు స్థానంలో ఆ ఝుమ్మనే చప్పుడు మిగిలింది.

"ఆయన మిషను పెట్టుకుని మాట్లాడుతున్నారు కదమ్మా?" అంది కృపావతి.

"అది పట్టుకుని నోరాడిస్తాడు. మాట రాదు. వీధిలో వాళ్ళందరికీ వస్తందంట. నాకొక్కదానికే రాదంటే ఎలగమ్మా నమ్మడం? నా మీద కోపవేటో ఉండుంటాది."

వెనక నుంచి సన్యాసిరావు పరికరం మెడకు ఆనించాడు. "కోపం లేదు మేడమ్. రోజూ మాటాడతన్నానని దానికి సెప్పండి."

గరగరమన్నా ప్రతి మాటా కృపావతికి స్పష్టంగా అర్థమయింది. పైడితల్లి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కృపావతి ఆ మాట ఆమెకు చేరవేసింది.

"నువ్వు సెప్తే సరా అమ్మా?" అంది పైడితల్లి. "ఆయన సెప్పాల."

ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రమే తెలుసు. అందుకని రాసి చూపించినా లాభం లేకపోయింది. అన్నం, నీళ్ళు, మందు లాంటి మాటలు పెదాలు చూసి పోల్చుకునేది. అంతకు మించిన మాట ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఆయన నుంచి ఆమెకు చేరలేదు.

కృపావతి వరసగా అన్నీ చూసింది. నెట్ వేగం చూసింది. పెట్టె గడియారం సరిచేసింది. పాత సాఫ్ట్‌వేరు తీసి కొత్తది వేసింది. ఏం చేసినా అదే ఫలితం. ఆ గురువారం పొద్దున రైలెక్కి, కొత్త పెట్టె ఒకటి సంచిలో పెట్టుకుని విజయనగరం వెళ్ళింది.

కొత్త పెట్టె పెట్టినా మార్పు లేదు. ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి పైడితల్లి తన జ్వరం సంగతి చెబుతోంది. సన్యాసిరావు వంటింట్లోకి వెళ్ళి, వచ్చినామెకు ఇడ్లీలోకి పచ్చడి చేద్దామని మిక్సీ వేశాడు. ఇల్లంతా అదిరిపోయింది. ఏదో అడగబోయిన కృపావతి తన మాట తనకే వినబడక సగంలో ఆపేసింది.

"ఏటమ్మా, ఆగిపోనావు?" అంది పైడితల్లి.

"మిక్సీ తిరుగుతోంది కదమ్మా."

పైడితల్లి వంటింటి వైపు చూసింది. "తిరగతందా? అది కొత్తది. చప్పుడు సెయ్యని రకం."

కృపావతి లేచి నిలబడింది. సంచిలోంచి లాప్‌టాప్ తీసి, ఆ ఇంటి నుంచి క్లౌడుకు వెళ్ళే చప్పుళ్ళ పట్టిక తెరిచింది. సన్యాసిరావును పిలిచి ఏదైనా మాట్లాడమంది. ఆయన ఊళ్ళ పేర్లు చెప్పాడు. గజపతినగరం, మెంటాడ, సాలూరు. ఒక్కో పేరుకు పట్టికలో ఒక్కో వరస చేరింది. ప్రతి వరస చివరా ఒకటే మాట: యంత్ర శబ్దం, తొలగించబడింది.

అంటే ఆ మాటలు తెగకుండా వెళ్తూనే ఉన్నాయి. క్లౌడులో వాటిని పారేస్తున్నారు. మిక్సీ, ఫ్యాను, మోటారు బండి మోతలు మెదడును బాధించకుండా ఏరి తీసేసే జల్లెడ ఒకటి ఉంది. ఆయన మెడ మీది పరికరం మోత కూడా దానికి వాటిలాంటిదే.

సన్యాసిరావు తెర మీదికి వంగి చదివాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. "అంటే నేనూ మిక్సీనేనా మేడమ్?"

కృపావతి అరుగు మీదికి వచ్చి తన పై అధికారి ఫణీంద్రకు ఫోను చేసింది.

"ఒక్కరి కోసం జల్లెడ మార్చడం కుదరదు కృపా," అన్నాడతను. "అందరికీ ఒకటే మోడల్. రాసి పంపు. వచ్చే వెర్షన్‌లో పెడతారేమో. మూడు నెలలు పడుతుంది."

ఫోను పెట్టేసరికి సన్యాసిరావు పక్కన నిలబడి ఉన్నాడు.

"మూడు నెలలంటే నాకు కుదరదు మేడమ్. ఊపిరితిత్తులకి పాకిపోనాది. రెండు నెలలు, మహా అయితే మూడు అన్నారు. అదీ నెల కిందట మాట."

కృపావతి గుమ్మం లోపలికి చూసింది. "ఆవిడకు తెలుసా?"

"సెప్పేను. మూడుసార్లు సెప్పేను. దానికి సేరలేదు." ఆయన పరికరాన్ని మెడ మీద సర్దుకున్నాడు. "మీరు సెప్పకండి. పక్కింటోళ్ళకీ అదే సెప్పేను. ముప్పై నాలుగేళ్ళు కాపరం చేసినాను. ఈ మాట ఇంకొకరి నోటమ్మట వినకూడదది."

మిగిలింది ఒకటే దారి. క్లౌడును పూర్తిగా తెంపేసి, చెవి వెనక ముక్క పట్టిన చప్పుడును పట్టినట్టే మెదడుకు పంపడం. పరీక్షల కోసం పెట్టిన పద్ధతి అది. వడబోసిన శబ్దానికి అలవాటుపడిన మెదడు దాన్ని తట్టుకోవడం కష్టం. కృపావతి ఆ సంగతి ఇద్దరికీ చెప్పింది. పైడితల్లి కాసేపు భర్త మొహం వంక చూసి, "ఈయన మాట అందులో ఉంటాదా?" అని అడిగింది. ఉంటుందని కృపావతి చెప్పింది. "అయితే తెంపీ," అంది.

మొదటిరోజు ఒక్క నిమిషం ఓర్చుకుని వాంతి చేసుకుంది. ఆ తర్వాత రోజుకు పది నిమిషాలని పెట్టుకున్నారు. కలపడమే ఉద్యోగమైన మనిషి, రోజూ పదకొండింటికి ఆఫీసులో కూర్చుని ఆ ఇంటి కనెక్షన్ తన చేత్తో తెంపేది. పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుని, మళ్ళీ కలిపి ఫోను చేసేది.

"ఏమైనా తెలిసిందా అమ్మా?"

"వంతెన మీద రైలు పోతన్నట్టుంది. ఆ రైల్లో ఎవరో ఉన్నారు గానీ ఎవరో తెల్దు."

పదిహేడో రోజున పైడితల్లి అడగకముందే చెప్పింది. "పైడీ అన్నాడమ్మా. రెండుసార్లన్నాడు."

ఆ తర్వాత కూడా ఆమె ప్రతిరోజూ కూర్చుంది. "సన్నం" అనో "అన్నం" అనో ఒక మాట తెలిసింది. "కాదు" అన్న మాట తెలిసింది. ఆయనకు ఆయాసం ఎక్కువై మాటలు కురచబడుతున్నాయి. పది నిమిషాల్లో నాలుగు మాటలు చెప్పి ఆగిపోతున్నాడని ఆమె చెప్పింది. చివరి నాలుగు రోజులు ఆయన్ని ఆస్పత్రిలో పెట్టారు. ఏదో నలత అనీ, నయమైపోతుందనీ అనుకుంటూ పైడితల్లి ఆ తెల్ల పెట్టెను సంచిలో పెట్టుకుని ఇంటికీ ఆస్పత్రికీ తిరిగింది.

ఒక మంగళవారం పదకొండుకు ఐదు నిమిషాల ముందు ఆమే ఫోను చేసింది.

"ఈ రోజు తెంపకమ్మా. ఆయన పోయేడు."

కృపావతి చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ముందే తెలుసంట ఆయనకి," అంది పైడితల్లి. "డాక్టరు సెప్పేడు. ఇన్నాళ్ళూ నాకు సెప్పనేదు. ఎందుకు సెప్పనేదమ్మా?"

"చెప్పారమ్మా," అంది కృపావతి. ఆ మాట అవతలికి చేరేలోగా ఏడుపు వినబడింది. ఎవరో ఫోను తీసుకుని పెట్టేశారు.

పన్నెండు రోజుల తర్వాత ఫణీంద్ర ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఆ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉందేమిటని అడిగాడు. మూసేద్దామని కృపావతి పత్రం తెరిచింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని పదకొండేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆగి చదవలేదు. తొలగించిన శబ్దాలు, వాటి ముందూ వెనకా ఉన్న మాటలతో సహా, తొంభై రోజులు నిల్వ ఉంటాయి. ఆ తర్వాత ఏ రోజుకారోజు చెరిగిపోతాయి.

అంటే ఆయన మాటలు ఉన్నాయి. పాతవాటి వైపు నుంచి రోజుకొక రోజు చొప్పున చెరిగిపోతూ ఉన్నాయి. ఉద్యోగులకు ఆ నిల్వ తెరిచే హక్కు లేదు. కర్ణిక పెట్టుకున్న మనిషి, తన పెట్టె నుంచి కనెక్ట్ అయి తీసుకోవచ్చు.

కృపావతి పైడితల్లికి ఫోను చేసి, విషయం చెప్పి, ఏం నొక్కాలో చెప్పింది. పెట్టె ఒప్పుకోలేదు.

"ఏం కనబడుతోందమ్మా?"

"ఎర్రగా ఓ బొమ్మ. తాళం కప్పలాగుంది."

గుర్తింపు గడువు తీరిపోయింది. నెలకోసారి ఆ గుర్తింపును కొత్తది చేయించాలి. మామూలుగా వినడానికి అది లేకపోయినా నడుస్తుంది గానీ నిల్వ తెరవాలంటే ఉండి తీరాలి. ప్రతి నెలా ఆ పని సన్యాసిరావు చేసేవాడు. కొత్తది చేయించబోతే, ఆరంకెల సంఖ్య ఆయన ఫోనుకే పోతోంది. ఆ ఫోను ఎక్కడుందో పైడితల్లికి తెలియలేదు. కర్మ జరిపించడానికి వచ్చిన బంధువులెవరో గుడ్డలతోపాటు ఎక్కడో సర్దేశారు. వాళ్ళను అడిగి, మూటలు విప్పి వెతకడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ కృపావతి పొద్దున రాగానే ఆ పట్టికే తెరిచేది. అన్నిటికన్నా పాత వరసలు కొన్ని మాయమై ఉండేవి. ఏ మాటలు పోయాయో తెలియదు, ఎన్ని పోయాయో మాత్రం తెలిసేది.

ఆయన పోయిన పంతొమ్మిదో రోజున ఫోను దొరికింది. ఛార్జింగు పెట్టి తెరిచారు.

"సంఖ్య వచ్చిందా అమ్మా? చదవగలరా?"

"బస్సు కండక్టరు పెళ్ళాన్నమ్మా, అంకెలు రావా? నాలుగు, సున్నా, ఏడు..."

తాళం కప్ప ఆకుపచ్చగా మారింది. డెబ్బై ఒక్క రోజులు దొరికాయి.

పైడితల్లి మొదటి రోజుది నొక్కింది. కృపావతికి ఫోన్లోంచి ఆ ఝుమ్మనే గొంతు వినబడింది. పైడితల్లికి ఏమీ వినబడలేదు. ఆ మాటలు మళ్ళీ గదిలోంచి క్లౌడుకు వెళ్ళాయి. జల్లెడ వాటిని మళ్ళీ పారేసింది.

"తెంపి వినమంటావా?" అంది పైడితల్లి అలసటగా. "ఎదురుగా మనిషి లేకుండా ఆ హోరు నేను పట్టలేనమ్మా. పెదాలు చూసే ఆ నాలుగు మాటలైనా పోల్చుకున్నాను." తర్వాత తనే అంది, "నువ్వు విని సెప్తావా?"

"మీ ఇంట్లో మాటలమ్మా అవి. నేను వినొచ్చా?"

"ఇంకెవరు వింటారు?"

ఏం నొక్కాలో అడిగి పైడితల్లి తన పెట్టె నుంచి ఆ రికార్డులన్నీ కృపావతికి పంపింది. అలా రోజూ పదకొండింటికి కృపావతి ఒక రోజు మాటలు విని, రాసుకుని, ఫోనులో చదివేది. ఆ రికార్డుల్లో పైడితల్లి గొంతు కూడా ఉంది. ఆమె ఏదో అంటుంది. ఆయన జవాబు చెబుతాడు. ఆ జవాబు చేరక ఆమె మరొకటి అంటుంది. దానికీ చెబుతాడు. ఒక్క జవాబు కూడా ఎగ్గొట్టలేదు.

"మీరు, 'ఈ వంకాయలు ముదిరిపోనాయి' అన్నారమ్మా. ఆయన, 'నేనే తెచ్చేను, తిట్టు' అన్నారు. మీరు, 'దీపం పెట్టాల' అన్నారు. ఆయన, 'అగ్గిపెట్టె కిటికీలో ఉంది' అన్నారు. మీరు పది నిమిషాలు వెతికారు. ఆయన ఇంకో రెండుసార్లు చెప్పి, లేచి తెచ్చి ఇచ్చారు."

పైడితల్లి ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి మళ్ళీ చదవమనేది. "ఇంకేటన్నాడు?" అని అడిగేది, అక్కడితో అయిపోయిందని తెలిసినా.

ఆరో రోజు మాటలు ముందుగా వింటూ కృపావతి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఆయన మూడోసారి చెప్పిన రోజు అది. మొదటి రెండుసార్లూ అప్పటికే చెరిగిపోయాయి. ఇంకో వారం ఆలస్యమైతే ఇదీ పోయేది. చదవకుండా దాటేద్దామా అనుకుంది. తర్వాత ఫోను చేసింది.

"ఈ రోజుది చదవమంటారా అమ్మా? ఇది వేరేగా ఉంది."

"సదువు."

"ఆయన, 'పైడీ, ఇలా కూకో' అన్నారు. మీరు ఆకుకూర బాగు చేసుకుంటున్నట్టున్నారు. ఆయన, 'డాక్టరు రిపోర్టు చూసేడు. ఊపిరితిత్తులకి పాకిపోనాదంట. ఎన్నో రోజులు లేవంట. నాకు భయంగా లేదు గానీ, నీకు ఎవరు వినబడతారా అని బెంగగా ఉంది' అన్నారు. మీరు..."

కృపావతి ఆగింది.

"నేనేటన్నాను?"

"'ఉప్పు అయిపోనాది' అన్నారమ్మా."

ఫోనులో చాలాసేపు ఏమీ వినబడలేదు. కనెక్షన్ తెగిందేమోనని కృపావతి తెర వంక చూసింది. తెగలేదు.

"ఆయనేటన్నాడు దానికి?"

"'తెస్తానులే' అన్నారు."

"తెచ్చేడు," అంది పైడితల్లి. "ఆ రోజు ఉప్పు తెచ్చేడు. రెండు పేకట్లు తెచ్చేడు. ఎందుకిన్ని అని కసిరేను." ఆమె ఏడ్వలేదు. ఊపిరి పీల్చడం మాత్రం వినబడింది. "సెప్పేడన్నమాట. నాతో సెప్పకుండా పోలేదు."

"లేదమ్మా."

ఆ వారమే కృపావతి కూర్చుని, కోరాడ వారి ఇల్లు ఒక్కటే కాక ఇంకెన్ని ఇళ్ళలో మనుషుల గొంతు యంత్ర శబ్దం కింద పోతోందో వెతికింది. ఫిర్యాదులు పెట్టి, లోపం లేదనిపించుకున్నవాళ్ళే మూడొందల పన్నెండుమంది తేలారు. అందరి పేర్లూ వరసగా రాసి, ఫణీంద్రకూ అతని పైవాళ్ళకూ పంపింది. పది రోజుల తర్వాత పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ఇంకో నెలన్నరకు కొత్త వెర్షన్ విడుదలైంది. "చిన్న మెరుగుదలలు" అన్న శీర్షిక కింద ఆ జల్లెడ సంగతి ఒక వాక్యంలో ఉంది. దాని తర్వాత ఆ పరికరాలతో మాట్లాడేవాళ్ళ గొంతులు ఇళ్ళల్లో వినబడడం మొదలయింది. పైడితల్లికి కూడా కావాలంటే పాత రికార్డులు సొంతంగా వినే వీలు వచ్చింది.

అప్పటికి చదవడానికి తొమ్మిది రోజులే మిగిలాయి. కృపావతి ఆ సంగతి చెప్పి, ఇక ఆయన గొంతే వినవచ్చంది. పైడితల్లి ఒక పూటంతా ఒక్కతే కూర్చుని విన్నది. మర్నాడు పదకొండింటికి ఫోనులో అంది, "మిషను గొంతే గానీ, మనిషి ఆయనే. ఇంక నువ్వు సదవక్కర్లేదులే అమ్మా. నీకు పనులుంటాయి."

"సరేనమ్మా."

"చాలా కష్టపడ్డావు."

"అదేం లేదమ్మా."

ఫోను పెట్టేశాక కృపావతి ఫిర్యాదు పత్రం తెరిచింది. "కనెక్షన్ కుదిరిందా?" అన్న చోట అవునని రాసి మూసేసింది. మధ్యాహ్నం పన్నెండు మందికి ఫోన్లు చేసింది. సాయంత్రం గదికి వెళ్ళింది.

మర్నాడు పదకొండయింది. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వినడానికి ఏమీ లేదని గుర్తొచ్చి తీసేసింది. పక్కబల్లల వాళ్ళు ఎవరికి వాళ్ళు, "ఇప్పుడు వినబడుతోందా అండీ" అంటున్నారు. పదకొండుంబావుకు ఆమె విజయనగరానికి ఫోను చేసింది.

"ఏటమ్మా, మళ్ళీ తెగిపోనాదా?" అంది పైడితల్లి.

"లేదమ్మా. బాగానే ఉంది." కృపావతి ఇయర్‌ఫోన్లు పక్కకు జరిపింది. "ఊరికే చేశాను. ఈ రోజు చదవడానికేమీ లేదు కదా."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు వినబడ్డాయి.

"ఇన్నాళ్ళూ మా ఇంటి మాటలే సదివేవు. నీ సంగతి ఒక్కటీ నాకు తెల్దు. పొద్దున్న ఏం తిన్నావు?"

"ఇడ్లీ."

"ఎవరు సేసేరు?"

"బయట తిన్నానమ్మా. నేనొక్కదాన్నే ఉంటాను."

"ఎన్నాళ్ళయింది?"

కృపావతి లెక్క వేసుకోబోయింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

"తొందరేటి లేదు," అంది పైడితల్లి. "సెప్పు. వింటన్నాను."